మజ్జిగ తాగని పెద్దాయన

పున్నయ్య నోరు విప్పడానికి మామూలుగా కారణం అక్కర్లేదు. ఆ రోజు మాత్రం ఉంది.

తెనాలి గంగానమ్మపేట మలుపులో నాగమ్మ టీకొట్టు ముందు సాహితి అనే అమ్మాయి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఎదురుగా ఉన్న విగ్రహాల షాపులో ఆ అమ్మాయిది రంగులేసే పని. సిలికాన్‌తో చేసిన మనిషి విగ్రహానికి చర్మం రంగు తేవడం, నరాలు గీయడం, ఒక్కో వెంట్రుకా నాటడం. బాపట్లలో శేషారత్నం టీచరుగారని, పోయి ఏడాదయింది, ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళంతా కలిసి ఆవిడ విగ్రహం చేయించుకున్నారు. మధ్యాహ్నం భోజనాల్లోపు అది సభలో ఉండాలి. మాట్లాడుకున్న బండి రాలేదు, డ్రైవరు ఫోనెత్తడం లేదు. షాపు ఓనరు లోపల కూర్చుని ఊళ్ళో డ్రైవర్లందరికీ ఫోన్లు కొడుతున్నాడు. బాపట్లవాళ్ళేమో సాహితికి కొడుతున్నారు.

పున్నయ్య టాటా ఏస్ కొట్టు పక్కనే నీడలో ఉంది. దానికి కిరాయి తగిలి చాలా రోజులైంది. ఈ ఒక్కటి దొరికితే ఇకమీదట షాపు విగ్రహాలన్నీ తన బండే ఎక్కుతాయని పున్నయ్య ఆశ. నాగమ్మ కూడా టీ వడగడుతూ, "మా పున్నయ్య ఉన్నాడుగా అమ్మాయ్, బండి ఖాళీగానే ఉంది, నోరొక్కటే ఖాళీ ఉండదు" అని ఒక మాట వేసింది. సాహితి అతన్నీ బండినీ మార్చి మార్చి చూసింది.

"విగ్రహాలు తోలిన అలవాటుందా బాబాయ్?"

బల్ల చివర పేపరు చదువుకుంటున్న భాస్కరరావుగారు, రిటైరైన లెక్కల మాస్టారు, ఆ ప్రశ్న వినగానే "అయిపోయింది" అని గొణిగారు. అప్పటికే పున్నయ్య గ్లాసు పక్కన పెట్టేశాడు.

"నన్నా తల్లీ అడుగుతున్నావు? నీ తప్పు లేదులే, చిన్నపిల్లవి, నీకెవరూ చెప్పుండరు. నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు, అదే నా జబ్బు, చేతనయితే ఈపాటికి నాకు లారీలుండేవి. ఒక్కటే చెప్తాను. రెండేళ్ళ కిందట, మే నెల, రేపల్లె వెంకటకృష్ణయ్యగారని పెద్ద రైతు, ఆయన విగ్రహం తెనాలి నుంచి రేపల్లె చేర్చాను. మీ షాపు కాదులే, కాలవ అవతల ఇంకో షాపు. ఒంటిమీద ఒక్క గీత పడకుండా చేర్చాను. అంతే. అందులో చెప్పుకోడానికేం లేదు."

వెంకటకృష్ణయ్య పేరు వినగానే సాహితి తిరగడం ఆపింది.

"అంతేనా?" అన్నారు మాస్టారు పేపరు దించకుండా.

"అంతే అంటే మరీ అంతే కాదు మాస్టారూ. మామూలు విగ్రహం అయితే గడ్డి పరిచి వెనక పడుకోబెట్టి తాడేసి లాగి కడతాం, ఎవడైనా తోలతాడు. ఇది కూర్చున్న విగ్రహం. సిలికానుది. మెత్తగా ఉంటుంది, నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకొస్తుంది. ఆయన సొంత చొక్కా తొడిగారు, సొంత పంచె కట్టారు, ఆయన వాచీనే చేతికి పెట్టారు, అది తిరుగుతోంది కూడా. ఆయన భార్య సుందరమ్మగారు రేపల్లె నుంచి నాకే స్వయంగా ఫోన్ చేసి ఏమన్నారో తెలుసా? 'పున్నయ్యా, మా ఆయన బతికుండగా ఏనాడూ బండి వెనక కూర్చోలేదు, ఇప్పుడు నువ్వు కూర్చోబెట్టావంటే నేనూరుకోను' అన్నారు. అదీగాక ఆ రోజే సంవత్సరీకం. మధ్యాహ్నం భోజనాల పంక్తిలో మొదటి విస్తరి ముందు ఆయన్ని కూర్చోబెట్టాకే వడ్డన మొదలెడతామని చుట్టాలందర్నీ ఆపి కూర్చున్నారు. అంటే ఏంటి? నేను ఆలస్యం చేస్తే ఊరు ఊరంతా పస్తు. సరేనని నా పక్క సీట్లో కూర్చోబెట్టి, నడుముకి తువ్వాలు బిగించి, బయల్దేరాం. ఇద్దరం."

"ఇద్దరమా?" అంది నాగమ్మ.

"ఇద్దరమే అక్కా. కాసేపు పోయాక నాకూ అలాగే అనిపించింది. గుంట వస్తే ఆయన తలూపుతున్నాడు. 'ఏమండీ, ఈసారి మినుము ఎలా ఉందండీ' అని అడిగితే గుంట వచ్చింది, అటూ ఇటూ ఊపాడు. బాగోలేదన్నమాట. నిజంగానే ఆ ఏడు మినుము బాగోలేదు. అలా మాట్లాడుకుంటూ పోతున్నాం, జంపని దాటాక రైలు గేటు పడింది. ఎండ చూడబోతే నెత్తిమీద పొయ్యి పెట్టినట్టుంది. దుమ్ము పడితే రంగు పాడవుతుందని అద్దాలు రెండూ ఎక్కించి, బండికి కాసిన్ని నీళ్ళు తెద్దామని నేను దిగాను. అదే నేను చేసిన తప్పు. అప్పుడు మొదలైంది అసలు గొడవ."

సాహితి ఫోను మోగింది. "వస్తున్నామండి... బండి... అవునండి, దగ్గర్లోనే ఉందండి" అని పెట్టేసింది. పున్నయ్యకి ఆ మాటలో తనకి సందు దొరికినట్టు తోచి ఇంకా జోరు పెంచాడు.

"ముందుగా ఒక మామిడిపళ్ళ అవ్వ చూసింది. చూసి ఏమనుకుంది? అద్దాలు మూసిన బండిలో పెద్దాయన, కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప పడట్లేదు. నోరు కూడా కొంచెం తెరుచుకుని ఉంది, శిల్పం చేసినవాడు పొరపాటున అలా వదిలేశాడులే..."

"పొరపాటు కాదు" అంది సాహితి.

"ఆ?"

"ఏం లేదు. చెప్పండి."

"నోరు కొంచెం తెరుచుకుని ఉందా, మంచినీళ్ళు అడగబోయి మాట రాక ఆగిపోయినట్టుంది. అవ్వ గంప కింద పడేసింది. 'ఓరి నాయనో, పెద్దాయనకి వడదెబ్బ తగిలిందర్రా, పాణం పోయేట్టుందర్రా' అని కేకేసింది. అంతే, గేటుకి ఇవతలున్న బస్సు ఖాళీ. అవతలున్న బస్సు ఖాళీ. ఆటోలు ఖాళీ. మన జనం సంగతి తెలుసుగా, మంచితనానికి పెట్టింది పేరు, ఎవడు ఏంటని అడగడు, ముందు చెయ్యి వేస్తాడు. ఒకళ్ళు గొడుగు పట్టారు. ఒకళ్ళు ఉల్లిపాయ దంచి అరికాళ్ళకి రుద్దుతామని చెప్పులు విప్పుతున్నారు. ఒక కొత్త పెళ్ళికూతురు తలలో పూలు తీసి పక్కన పెట్టి కొంగుతో విసురుతోంది. వాళ్ళందరిలోకీ ఒకడున్నాడండి, వాడెవడో మరి, వాడు రాయి తీసుకుని ఠపీమని అద్దం పగలగొట్టాడు. పగలగొట్టి తలుపు తీసి, ఆయన్ని లాగి ఒళ్ళో పడుకోబెట్టుకుని, సీసాలో మజ్జిగ ఉంటే నోట్లో పోస్తున్నాడు. పోస్తే ఎక్కడికి పోతుంది? పెదాల మీంచి చొక్కా మీదకి కారుతోంది. వీడేమో మింగలేకపోతున్నాడనుకుని, గొంతు నిమురుతున్నాడు."

మాస్టారికి నవ్వొచ్చింది. పేపరు దించారు. "ఎవడు వాడు, పిచ్చివాడా? బొమ్మకీ మనిషికీ తేడా తెలీదూ?"

పున్నయ్య మొహం మాడిపోయింది.

"మీరు కొట్టు నీడలో కూర్చుని అంటారు మాస్టారూ. అక్కడ ఎండలో ఉంటే తెలిసేది. తాకి చూస్తే ఒళ్ళు కాలిపోతోంది. ఎండలో మాడిన విగ్రహం కాలక ఏం చేస్తుంది, కానీ వాడికి అది తెలీదుగా, జ్వరం అనుకున్నాడు. చేతి మీద నరాలున్నాయి. వెంట్రుకలున్నాయి. గోళ్ళ సందుల్లో మట్టి ఉంది మాస్టారూ, పొలంలోంచి ఇప్పుడే వచ్చినట్టు. గోళ్ళలో మట్టి ఉన్న మనిషిని పట్టుకుని బొమ్మ అని ఎవడనుకుంటాడు? వాడికి వాళ్ళ నాన్న గుర్తొచ్చాడేమో. వాళ్ళ నాన్న కూడా ఏ పొలం గట్టునో అలా ఎండకి పడిపోతే ఎవడూ చూడలేదేమో. మీకు తెలుసా? తెలీదు. తెలీకుండా పిచ్చివాడంటే ఎలా?"

"నాకు తెలీదులేవయ్యా" అన్నారు మాస్టారు. "నీకెలా తెలిసింది?"

సాహితి ఫోను మళ్ళీ మోగుతోంది. ఈసారి ఎత్తలేదు. పున్నయ్య మొహంలోకే చూస్తోంది.

"నాకెలా తెలిసిందంటే, నేను అక్కడే ఉన్నాగా, నీళ్ళ డబ్బాతో. సరే వాడి సంగతి వదిలెయ్యండి, వాడొక లెక్కలోవాడు కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్సులోంచి ఒక ఆరెంపీ డాక్టరు దిగాడు. జరగండి జరగండి అని వచ్చి నాడి పట్టుకున్నాడు. ఆయన పట్టుకున్నది వాచీ ఉన్న చెయ్యి. టిక్కు టిక్కు మంటోంది. 'నాడి ఉంది, భయం లేదు, కాకపోతే మరీ పద్ధతిగా కొట్టుకుంటోంది, ఇలా కొట్టుకోకూడదు' అన్నాడు. బీపీ చూశాడు. 'తక్కువుంది' అన్నాడు. సూది పొడవబోతే వంగిపోయింది. ఇంకోటి తీశాడు, అదీ వంగింది. 'కష్టం చేసిన ఒళ్ళు, మన సూదులకి లొంగదు, పెద్దాసుపత్రికి తీసుకుపోవాల్సిందే' అన్నాడు. నేను అరుస్తూనే ఉన్నాను, 'బాబూ అది విగ్రహం, బాబూ అది విగ్రహం' అని. వింటేగా. 'పాపం, కొడుకు కాబోలు, బుర్ర చెడింది' అని నన్నే నలుగురు పట్టుకుని నా మొహాన నీళ్ళు చల్లారు."

నాగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంతలో రైలు. తెనాలి నుంచి రేపల్లె పోయే బండి కూత వేసుకుంటూ వస్తోంది. జనం అంతా పట్టాల మీదకెళ్ళి తువ్వాళ్ళు ఊపారు. ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి 'ఏంటి సంగతి' అన్నాడు. పెద్దాయన సంగతి చెప్పారు. ఆ డ్రైవరు కూడా మనిషేగా, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. 'ఎక్కించండి, మధ్యలో ఎక్కడా ఆపను' అన్నాడు. పెద్దాయన్ని పెట్టెలో కిటికీ పక్కన కూర్చోబెట్టారు, ఇక చూడండి, వేమూరు పోయింది, ఆగలేదు. భట్టిప్రోలు పోయింది, ఆగలేదు. భట్టిప్రోలులో దిగాల్సిన వాళ్ళు కూడా 'మా సంగతి తర్వాత, ముందు ఆయన ప్రాణం' అని గమ్మున కూర్చున్నారు. నేను ఊరుకుంటానా? సరుకు నాది. చేర్చే బాధ్యత నాది. రోడ్డున నేను, పట్టాల మీద రైలు. నా టాటా ఏసు చక్రాలు నేల మీద ఆనట్లేదు. రైలు డ్రైవరు నన్ను చూసి కూత వేస్తే నేను హారన్ కొడుతున్నా. రేపల్లె స్టేషన్లో రైలు ఆగేసరికి నేను ప్లాట్‌ఫారం మీద టీ తాగుతున్నా."

"ఇందాక నీ మొహాన నీళ్ళు చల్లి పట్టుకున్నారన్నావు" అన్నారు మాస్టారు.

"వదిలేశారండి."

ఎదుటి షాపులోంచి ఓనరు గుమ్మంలోకొచ్చి, దొరకలేదన్నట్టు సాహితికి చెయ్యి ఊపి మళ్ళీ లోపలికి పోయాడు. నీడ కొట్టు ముందు నుంచి జరిగిపోతోంది. నాగమ్మ "తొందరగా తేల్చు పున్నయ్యా, పిల్లకి పనుంది" అంది.

"తేలుస్తున్నా అక్కా, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది. ఆసుపత్రిలో మంచం వేశారు. డాక్టర్లు గుండ్రంగా నిలబడ్డారు. ఎక్సరే తీస్తే ఏమీ కనపళ్ళేదు. 'ఎముకలు మొత్తం అరిగిపోయాయి, ఈ వయసులో మామూలే' అన్నారు. సెలైన్ పెట్టారు. ఎక్కిందండి. బాటిలు మీద బాటిలు ఎక్కుతోంది, లోపలంతా బోలుగదా. ఆ తర్వాత రక్తం కావాలన్నారు. ఆ మాట ఎలా పాకిందో, బాపట్ల వ్యవసాయ కాలేజీ కుర్రాళ్ళు బస్సులు కట్టుకుని వచ్చేశారు. రక్తం ఇచ్చేవాళ్ళ వరస ఆసుపత్రి గుమ్మం నుంచి మొదలై, బజారు దాటి, ఊరు దాటి, ఆ చివర బాపట్లలో ఉంది."

"ఏ గ్రూపు?" అన్నారు మాస్టారు.

"అదేగదా గొడవ. ఒక్కో డాక్టరు ఒక్కో గ్రూపు అన్నాడు. అన్నీ కాస్త కాస్త ఎక్కించారు. గుళ్ళోంచి పూజారిగారొచ్చి తలవైపు మంత్రం చదువుతున్నాడు, చర్చిలోంచి పాస్టరుగారొచ్చి కాళ్ళవైపు ప్రార్థన చేస్తున్నాడు. నర్సమ్మ ఏమందో తెలుసా? 'మొహంలో కళ వచ్చిందండి' అంది. వచ్చింది కూడా, నేను చూశాను. అందరూ చప్పట్లు కొట్టబోతున్నారు, అప్పుడు సుందరమ్మగారు దిగారు. విస్తరి ముందు కూర్చోవాల్సిన మనిషి ఇంకా రాలేదేంటని వెతుక్కుంటూ వచ్చారు. గుమ్మంలో నిలబడి మంచం వంక చూసి, 'ఇదేంటి నాయనా, ఆయన పోయి ఇవాళ్టికి ఏడాది, ఇప్పుడు మీరు బతికిస్తే నేను పెట్టిన పిండాలేం కావాలి' అన్నారు."

నాగమ్మ ఇక ఆగలేక పగలబడి నవ్వింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సాహితి ఒక్కతే నవ్వలేదు.

"అప్పుడు చూడాలి అమ్మా, వాళ్ళ మొహాలు. అందరికీ తల కొట్టేసినట్టయింది. డాక్టర్లు చెవుల్లో గొట్టాలు తీసి జేబుల్లో కుక్కుకున్నారు. మామిడిపళ్ళ అవ్వ 'నేను ముందే అనుకున్నాను' అంది. రక్తం ఇచ్చిన కుర్రాళ్ళు 'మా రక్తం మాకిచ్చెయ్యండి' అన్నారు. రైలు డ్రైవరు బండిని వెనక్కి వెనక్కే నడుపుకుంటూ తెనాలి పోయాడు, తిప్పుకోవడానికి కూడా మొహం చెల్లక. ఊరంతా నేల చూపులు. అంత పెద్ద రేపల్లెలో ఆ పూట తలెత్తి నడిచిన మగాడు నేనొక్కణ్ణే. వాళ్ళ సిగ్గు చూసి చూసి, చెప్తే నమ్మరు, ఆ పెద్దాయనకే సిగ్గేసింది. పాపం నా వల్లే కదా వీళ్ళందరికీ ఈ తలవంపులు అనుకున్నాడో ఏమో, మెల్లిగా నోరు మూసుకున్నాడు. నా కళ్ళతో నేను చూశాను. ఇప్పటికీ రేపల్లె వెళ్ళి చూడండి. వెంకటకృష్ణయ్యగారి విగ్రహానికి నోరు మూసే ఉంటుంది. అదమ్మా సంగతి. నేను తోలిన విగ్రహాల మాట అలా ఉంటుంది. మరి ఎక్కిద్దామా టీచరమ్మని?"

"తెరిచే ఉంది బాబాయ్" అంది సాహితి.

"ఏంటమ్మా?"

"ఆయన నోరు. పోయిన నెల వెళ్ళి దుమ్ము తుడిచొచ్చాను. తెరిచే ఉంది."

"మళ్ళీ తెరిచాడేమో" అన్నాడు పున్నయ్య, కానీ ఆ మాటలో బిగువు లేదు.

"అది పొరపాటున తెరిచింది కాదు. ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి అనబోతున్నట్టే ఉండేవాడమ్మా, అలాగే చెయ్యి అని సుందరమ్మగారే అడిగారు. చేయించింది మా షాపులోనే. గోళ్ళలో మట్టి పెట్టింది నేను. ఆ రోజు బండి తోలింది మా మావయ్య. వెనక పెట్టెల మధ్య కూర్చున్నది నేను."

కొట్టులో పాలు పొంగుతున్నాయి. నాగమ్మ మంట తగ్గించి అక్కడే నిలబడిపోయింది.

"గేటు పడితే మావయ్య నీళ్ళ సీసా కోసం వెళ్ళాడు. నేను దిగి కాస్త దూరంగా నీడన నిలబడ్డాను. రైలు వచ్చింది, దాని దారిన అది పోయింది. డాక్టర్లు లేరు, రక్తాలు లేవు, మామిడిపళ్ళ అవ్వ అసలే లేదు. గేటుకి ఇటూ అటూ బస్సులు, ఆటోలు, కార్లు మాత్రం ఉన్నాయి. అంత ఎండలో, అద్దాలు మూసిన బండిలో ఒక ముసలాయన నోరు తెరుచుకుని కదలకుండా కూర్చునుంటే వాళ్ళంతా చూశారు. నేను గమనిస్తూనే ఉన్నాను. అచ్చం మనిషిలా ఉందన్నమాట, నమ్ముతున్నారన్నమాట అని మొదట గర్వపడ్డాను. ఆ తర్వాత భయమేసింది బాబాయ్. నిజంగా మనిషే అయితే? చూసినవాళ్ళు చూసినట్టే ఫోన్లలోకి తల దించుకున్నారు. దిగింది ఒక్కరు. అవతల పక్క నుంచి, సొంత బండి రోడ్డు మధ్యలో వదిలేసి, గేటు కింద నుంచి దూరి పరిగెత్తుకొచ్చింది ఒక్కరు. అద్దం పగలగొట్టింది, మజ్జిగ పోసింది, 'ఒక్క గుక్క తాగు నాన్నా' అని ఏడ్చింది మీరొక్కరే."

పున్నయ్య తలెత్తలేదు.

"నేను వచ్చి ఇది వెంకటకృష్ణయ్యగారి విగ్రహం, సంవత్సరీకానికి రేపల్లె సుందరమ్మగారింటికి పోతోంది అని చెప్పాక దిగారు మిగతా అందరూ. నవ్వడానికి దిగారు."

"ఫోన్లలో ఫోటోలు తీశారమ్మా" అన్నాడు పున్నయ్య. ఇంతసేపూ మాట్లాడిన గొంతు కాదది. "ఆ చొక్కా మీద మజ్జిగ తుడుద్దామని నేను చూస్తుంటే, తుడవక్కర్లేదు ఇంకాస్త పొయ్యి, తాగుతాడేమో అన్నాడొకడు. నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయిందమ్మా. ఆ పూట నుంచి రేపల్లె రోడ్డెక్కలేదు. అటువైపు కిరాయి వస్తే బండి బాగోలేదంటాను. ఎవడైనా గుర్తుపట్టి ఆ మజ్జిగోడే గదా అంటాడని. అందుకని, ఎవరో ఒకరు అనకముందే, నేనే దాన్ని నవ్వులాటగా తిప్పి చెప్పేస్తున్నా."

మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఇందాక తను పిచ్చివాడన్నది ఎవరినో ఆయనకి ఇప్పుడు తెలిసింది. "నేనూ ఆ బస్సులో ఉంటే దిగేవాణ్ణి కాదు పున్నయ్యా. ఎవరో ఒకరు చూసుకుంటార్లే అనుకునేవాణ్ణి" అన్నారు. ఆ మాట అన్నాక ఆయన కూడా పున్నయ్య వైపు చూడలేకపోయారు.

"సుందరమ్మగారికి చెప్పాను" అంది సాహితి. "పెదాల రంగు పోతే అక్కడే కూర్చుని వేస్తూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ఆయన్ని చూసి ఒక్క మనిషన్నా బతికున్నాడనుకున్నాడా అమ్మాయ్ అని నాచేత రెండుసార్లు చెప్పించుకుంది. ఆ మనిషిని తీసుకురా, అన్నం పెడతానంది. మీరు గేటు దగ్గరే మాయమయ్యారు, మళ్ళీ కనపడింది ఇవాళే. నా పనిని అంతకంటే మెచ్చుకున్నవాళ్ళు ఇంతవరకూ నాకు లేరు."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి సాహితి వెంటనే ఎత్తింది. "బండి దొరికిందండి. బయల్దేరుతున్నాం. నమ్మకమైన మనిషేనండి" అని పెట్టేసి, షాపువైపు తిరిగి టీచరమ్మని బయటికి తెమ్మని కేకేసింది. పున్నయ్య ఇంకా బల్ల మీదే కూర్చుని ఉన్నాడు, లేవాలో వద్దో తెలియనట్టు.

"లేవండి బాబాయ్, టైమైపోతోంది. విగ్రహాలు తోలారా అని కదా నేనడిగింది. తోలలేదమ్మా, ఒకసారి మనిషనుకుని బతికించబోయాను అని ఆ ఒక్క ముక్కా చెప్పుంటే, ఈపాటికి పొన్నూరు దాటేవాళ్ళం."